బండి ఏ ఆఫీసులో పెట్టాలి? లారీ ఓనర్ల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ సొంత బండి, సొంత డ్రైవింగ్ వాళ్లవే. ఊళ్లు వేరు, లోడ్లు వేరు, అడిగింది మాత్రం అందరూ ఒకటే: ఎవరి దగ్గర బండి పెడితే నాలుగు రూపాయలు మిగులుతాయి? నేను పదహారేళ్లు బండి నడిపాను, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన ఓనర్ల లెక్కలు రాసిపెడుతుంటాను. కాబట్టి ఇక్కడ చెప్పేది కాగితం మీద వేసి చూసిన లెక్కే. మీ అంకెలు వేరుగా ఉంటే మీ అంకెలు వేసి చూసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ప్రశ్న: అన్నా, నాది పది టైర్ల బండి, నేనే డ్రైవర్ని, క్లీనర్ ఒకడు ఉన్నాడు. ఇంకా మూడేళ్లు కంతులు కట్టాలి, నెలకు 52,000. ఇప్పటిదాకా బ్రోకర్ ఆఫీసుల్లో బియ్యం లోడు ఎత్తి బెంగళూరు వేస్తున్నాను. టన్నుకు 2,300, పద్దెనిమిది టన్నులు. లోడుకు 700 కమీషన్. తిరుగు కిరాయి దొరికితే 28,000 వస్తుంది, నాలుగుసార్లలో ఒకసారి ఖాళీగా వస్తాను. ఇప్పుడు ఒక పార్శిల్ కంపెనీ వాళ్లు బండి అటాచ్ చేయమంటున్నారు. లోడున్నా ఖాళీ అయినా కిలోమీటరుకు 38 రూపాయలు, నెలకు 6,000 కిలోమీటర్లు గ్యారంటీ, టోల్ వాళ్లదే. బిల్లు నెలాఖరున, డబ్బు ఆ తర్వాత 45 రోజులకు. టైమ్ ప్రకారం నడవాలి కాబట్టి ఇద్దరు డ్రైవర్లు ఉండాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: తమ్ముడూ, అంకెలు దాచకుండా రాశారు, అందుకే ఈ జవాబు పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి, పక్కన ఒక కాగితం పెట్టుకోండి.

ముందు ఇప్పుడు నడుస్తున్న బేరం చూద్దాం. బెంగళూరు 740 కిలోమీటర్లు అనుకుందాం, నెలకు నాలుగు రౌండ్లు. వెళ్లేటప్పుడు లోడుకు 41,400 చొప్పున 1,65,600. వచ్చేటప్పుడు మూడుసార్లు 28,000 చొప్పున 84,000. మొత్తం కిరాయి 2,49,600. లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు, ఖాళీగా ఐదున్నర ఇస్తుందనుకుంటే నెలకు 1,430 లీటర్లు తాగుతుంది. లీటరు సగటున 96 వేసుకుందాం, కర్ణాటకలో పోయించుకున్నది కొంత చవక కాబట్టి. అది 1,37,280. టోల్ ఒక్కో వైపు 3,000 చొప్పున 24,000, కమీషన్ ఏడు లోడ్లకు 4,900, క్లీనర్ జీతం, మీ ఇద్దరి దారి ఖర్చు 18,000. అన్నీ తీసేస్తే 65,420 మిగిలింది. కంతు కట్టాక 13,420. అందులోనే టైర్లు, ఇన్సూరెన్స్, త్రైమాసిక పన్ను, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఏడాదికోసారి నేషనల్ పర్మిట్ 16,500, ఆ తర్వాత ఇల్లు. ఈ నాలుగు రౌండ్ల మీద ఇంకా మూడేళ్లు లాగడం కష్టమని మీకూ తెలుసు, తెలిసే రాశారు.

ఇప్పుడు కంపెనీ బేరం. 6,000 కిలోమీటర్లకు 38 చొప్పున 2,28,000. పార్శిల్ లోడు బియ్యం అంత బరువుండదు, నాలుగున్నర ఇస్తుందనుకుంటే డీజిల్ 1,28,000. టోల్ లేదు, కమీషన్ లేదు. క్లీనర్, ఖర్చులు 18,000 పోతే 82,000 మిగులుతుంది. ఇక్కడిదాకా చూసి చాలామంది సంతకం పెట్టేస్తారు. రెండో డ్రైవర్ ఉన్నాడు కదా, అతనికి జీతం, బత్తా కలిపి 22,000 వేయండి, 60,000 అయింది. అంటే మీ బ్రోకర్ బేరం కంటే ఐదు వేలు తక్కువే.

అంతటితో అయిపోలేదు. ఒకటో తారీఖున బండి ఎక్కితే మొదటి డబ్బు చేతికొచ్చేది రెండున్నర నెలలకు. అప్పటిదాకా డీజిల్ మీది, జీతాలు మీవి, కంతు మీది. నెలకు 1,28,000, 40,000, 52,000 కలిపితే 2,20,000, రెండున్నర నెలలకు 5,50,000. ఆ డబ్బు మీ దగ్గర ఉంటే సరే. లేక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 11,000 వడ్డీ, అది మొదటి రెండు నెలలతో పోదు, ఆ కంపెనీలో బండి ఉన్నన్నాళ్లూ అంత డబ్బు వాళ్ల దగ్గర ఇరుక్కునే ఉంటుంది కాబట్టి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 60,000లో 11,000 తీసేయండి. 49,000. మీ కంతు 52,000. గ్యారంటీ కిలోమీటర్లు ఇచ్చి, టోల్ కూడా కట్టి, చివరికి కంతు కూడా దాటని బేరం ఇది.

అలాగని వద్దని చెప్పను. బ్రోకర్ బేరంలో మీరు మాట పట్టుకుని ఉన్నారు, కంపెనీ బేరంలో కాగితం ఉంటుంది. తిరుగు కిరాయి నాలుగింట ఒకసారి కాక రెండుసార్లు పోయిందనుకోండి, ఒక్క ఆ దెబ్బకి, ఆదా అయిన డీజిల్, కమీషన్ తీసేసినా, 22,500 పోతుంది, మీ 65 వేలు 43 వేలవుతుంది. కోతల సీజన్ అయ్యాక మిల్లుల దగ్గర బండ్లు బారులు తీరినప్పుడు 2,300 ఉంటుందా 1,900 అవుతుందా, అది మీకే బాగా తెలుసు. అందుకని కంపెనీ వాళ్ల దగ్గరికే వెళ్లండి, కానీ ఈ నాలుగు అడగండి.

మొదటిది డీజిల్. పంపు కార్డు వాళ్లే ఇచ్చి బిల్లులో కోసుకోమనండి. అప్పుడు మీరు పెట్టాల్సింది 2,30,000కి దిగుతుంది, వడ్డీ 4,600 అవుతుంది, మిగులు 55,400. చాలా కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయి, అడిగినవాడికే ఇస్తాయి. రెండోది డీజిల్ రేటు. లీటరు మీద ఐదు రూపాయలు పెరిగితే మీకు నెలకు 6,665 పోతుంది, 38 మాత్రం 38గానే ఉంటుంది. కాబట్టి సంతకం పెట్టిన రోజు డీజిల్ రేటు అగ్రిమెంట్‌లో రాయించి, ఇంత పెరిగితే కిలోమీటరుకు ఇంత పెరగాలని రాయించాలి. మూడోది, కిలోమీటర్లు ఎవరి లెక్క? మీ మీటరా, వాళ్ల జీపీఎస్సా, మ్యాప్‌లో హబ్ నుంచి హబ్‌కు చూపించే దూరమా? బైపాస్ మూసేసి ఊరి చుట్టూ తిప్పితే ఆ ముప్పై కిలోమీటర్లు ఎవరివి? నాలుగోది, 6,000 నడపకపోతే ఇస్తామన్న గ్యారంటీ ఎవరి తప్పు వల్ల నడవకపోతే వర్తిస్తుంది? మీ బండి నాలుగు రోజులు గ్యారేజీలో ఉంటే గ్యారంటీ మొత్తం పోతుందా, ఆ నాలుగు రోజుల వంతే పోతుందా?

ఈ నాలుగో దాంట్లో నేను దెబ్బతిన్నాను. ఒక ఫ్యాక్టరీకి బండి అటాచ్ చేసినప్పుడు నెలలో ఒక్క రోజు రిపోర్ట్ చేయకపోయినా గ్యారంటీ లేదని వెనక పేజీలో ఉంది, నేను ముందు పేజీ చదివాను. క్లచ్ ప్లేట్లు పోయి మూడు రోజులు ఆగినందుకు ఆ నెల నడిచిన కిలోమీటర్లకే ఇచ్చారు. గొడవపడ్డాను, వాళ్లు సంతకం చూపించారు. మా నాన్న అప్పటికి ఆసుపత్రిలో ఉన్నారు, ఆ నెల ఎలా గడిచిందో నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే వెనక పేజీ చదవమని కనపడిన ప్రతివాడికీ చెబుతాను.

డీజిల్ కార్డు ఇస్తే ఆరు నెలలకు ఒప్పుకోండి, నెల ముందు చెప్పి బయటికొచ్చేలా రాయించుకుని. ఇవ్వకపోతే బ్రోకర్ దగ్గరే ఉండి, ఐదో రౌండ్ పడేలా చూసుకోండి. మీ అంకెల మీదే ఒక పూర్తి రౌండ్‌కు డీజిల్, టోల్, కమీషన్ పోను 26,480 మిగులుతుంది. ఆ ఐదో రౌండ్ ఎక్కడ పోతోందో మీ డైరీలో వెతకండి, బెంగళూరు అన్‌లోడింగ్ దగ్గరే పోతుంటుంది.

ప్రశ్న: మాది సిమెంటు ఫ్యాక్టరీలున్న ఏరియా. లోకల్ లారీ అసోసియేషన్‌లో మెంబరైతే సీరియల్ ప్రకారం లోడు వస్తుంది, కిరాయి బయటికంటే మంచిది. కానీ సీరియల్ వచ్చేసరికి మూడు నాలుగు రోజులు పడుతోంది. బయట బ్రోకర్ లోడు ఎత్తితే అదే రోజు బయల్దేరొచ్చు. టన్నుకు వంద ఎక్కువని ఆగడం మంచిదా?
– ఒక పాఠకుడు, హుజూర్‌నగర్

జవాబు: మీ బండి కదలకుండా నిలబడితే రోజుకు ఎంత తింటుందో ముందు తేల్చుకోండి. పై తమ్ముడి బండే చూడండి, కంతు 52,000, క్లీనర్, ఖర్చులు 18,000, ముప్పైతో భాగిస్తే రోజుకు 2,333. మూడు రోజులు ఆగితే ఏడు వేలు. పద్దెనిమిది టన్నుల మీద వంద ఎక్కువొస్తే 1,800. ఇక మీరే చెప్పండి.

కానీ కంతు అయిపోయిన పాత బండి అయితే లెక్క తిరగబడుతుంది. దానికి నిలబడిన రోజు ఖర్చు చాలా తక్కువ, సీరియల్‌లో పెట్టుకుని ఇంటి దగ్గర ఉండి పొలం పని చూసుకునేవాళ్లు మీ వైపే చాలామంది ఉన్నారు, వాళ్లకు అదే మంచిది. ఇద్దరికీ ఒకే సలహా చెప్పే బ్రోకర్ మాట వినకండి. ఇంకొకటి, అసోసియేషన్ ఉన్నందువల్లే అక్కడ కిరాయి నిలబడుతోంది, డబ్బు ఆగితే నలుగురూ వెళ్లి అడుగుతున్నారు. కొత్త బండి వాళ్లు బయట లోడ్లు ఎత్తినా మెంబర్‌షిప్ మాత్రం వదులుకోవద్దు.

ప్రశ్న: యాప్‌లో లోడ్లు చూసి ఫోన్ చేస్తే, చూపించిన రేటు ఒకటి, ఫోన్లో చెప్పేది ఒకటి. ఇంకొకరు లోడు కన్ఫర్మ్ చేస్తాం, ముందు 1,500 గేట్ పాస్‌కు పంపమన్నారు. యాప్‌లు నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ 1,500 పంపలేదనే అనుకుంటున్నాను. లోడు ఇచ్చేవాడు మనకు అడ్వాన్స్ ఇస్తాడు, మన దగ్గర తీసుకోడు. గేట్ పాస్, రిజిస్ట్రేషన్, టోకెన్, వెనక్కి వచ్చే డిపాజిట్, పేరు ఏదైనా సరే, లోడింగ్‌కు ముందు డబ్బు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. పంపి ఉంటే 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల నంబర్ అది, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

యాప్ విషయానికొస్తే, లోడ్లు పెట్టే యాప్‌ను టీ కొట్టు దగ్గర బోర్డులా చూడండి. బోర్డు మీద రాసినవాడు మంచివాడా కాదా అన్నది బోర్డుకు తెలియదు. కొన్ని యాప్‌లు తామే కిరాయి కట్టే పూచీ తీసుకుంటాయి, ఎక్కువ శాతం కేవలం ఇద్దరినీ కలిపి వదిలేస్తాయి, ఈ రెండిట్లో మీది ఏదో ముందు తెలుసుకోండి. రెండో రకం అయితే డబ్బు ఇవ్వాల్సింది ఆ లోడు పెట్టిన బ్రోకరే, ఆయన ఆఫీసు ఎక్కడ, జీఎస్టీ నంబర్ ఏంటి, ఆ ఊళ్లో మీకు తెలిసిన బండి ఏదైనా ఆయన దగ్గర లోడు ఎత్తిందా, ఇవి అడిగాకే బండి తిప్పండి. లోడింగ్ పాయింట్‌కు వెళ్లాక ఇన్‌వాయిస్ మీద ఉన్న కంపెనీ గుమాస్తాను, ఈ లోడు ఫలానా ఆఫీసుకే ఇచ్చారా అని ఒక్క మాట అడగండి. మధ్యలో ముగ్గురు చేతులు మారిన లోడు అయితే అక్కడే బయటపడుతుంది. చేతులు ఎక్కువైతే ప్రతి చెయ్యీ కొంత ఉంచుకుంటుంది, చివర్లో బ్యాలెన్స్ ఎవరిని అడగాలో కూడా తెలియదు.

రేటు మాత్రం యాప్‌లో చూడటం మంచి అలవాటు. ఎత్తకపోయినా పర్వాలేదు, రోజూ మీ రూటు రేటు చూస్తూ ఉంటే బ్రోకర్ ముందు కూర్చున్నప్పుడు మీ గొంతు మారుతుంది.

ప్రశ్న: గ్రానైట్ బ్లాకులు ఎత్తుతాం. టన్ను మీద కిరాయి కాబట్టి ఆరు టన్నులు ఎక్కువ వేసుకోమంటారు, వేసుకోకపోతే వేరే బండి పిలుస్తారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: 2018లో కేంద్రం యాక్సిల్ లోడు పెంచింది, పది టైర్ల బండికి సరుకుతో కలిపి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 అయింది. అప్పుడు అందరం సంతోషపడ్డాం. కానీ ఉన్న బండ్లన్నీ ఒక్క రాత్రిలో ఎక్కువ మోయగలిగేసరికి ఉన్న సరుక్కి బండ్లు ఎక్కువైపోయాయి, కిరాయిలు పడ్డాయి. మీరు ఎత్తే ఆరు టన్నులూ అంతే చేస్తాయి, మూడు బండ్లు ఎక్కువ ఎత్తితే నాలుగో బండికి లోడు ఉండదు, ఆ నాలుగో బండి రేపు మీదే కావచ్చు.

డబ్బు లెక్క చెబుతాను. టన్నుకు 900 వచ్చినా ఆరు టన్నులకు 5,400. 2019లో మారిన మోటార్ వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు ఫైన్ 20,000, పైన ప్రతి టన్నుకు 2,000, అంటే 32,000. ఎక్కువైన సరుకు అక్కడే దింపించే అధికారం కూడా బండి పట్టుకున్న అధికారులకుంది, గ్రానైట్ బ్లాకు రోడ్డు మీద క్రేన్ లేకుండా ఎలా దింపుతారు? ఆరు ట్రిప్పులకు ఒకసారి దొరికినా మీకు మిగిలింది ఏమీ లేదు. మామూళ్లతో అయిపోతుందంటారా, అదీ ఖర్చే, దానికి రసీదు కూడా రాదు. ఇక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది కాటా చీటీనే.

వేరే బండి పిలుస్తారంటే పిలవనివ్వండి అని సులువుగా చెప్పలేను, మీ ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ చీమకుర్తిలో కనీసం మీ క్వారీకి వచ్చే బండ్ల వాళ్లు ఒక మాట మీద ఉంటే, కిరాయే టన్నుకు కొంత పెంచమని అడగొచ్చు. ఒక్కరు అడిగితే కుదరదు.

ప్రశ్న: నాకు ఒక్కటే బండి. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ప్రతి బిల్లులో టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసే ఆదాయపు పన్ను) కోస్తోంది. కరెక్టేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పది లేక అంతకంటే తక్కువ గూడ్స్ బండ్లు ఉన్నవాళ్లు పాన్ నంబరుతో పాటు ఆ మాట రాసి సంతకం పెట్టిన డిక్లరేషన్ ఇస్తే కిరాయి మీద టీడీఎస్ కోయక్కర్లేదు. ఏప్రిల్‌లోనే ఇచ్చి, ఇచ్చినట్టు ఒక కాపీ మీద స్టాంప్ వేయించుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం దాకా పోతుంది, జాగ్రత్త. ఇప్పటిదాకా కోసింది పోలేదు, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. చిన్న ఓనర్లకు పుస్తకాలు రాయకుండా లెక్క చూపే పద్ధతి కూడా ఉంది, 12 టన్నులు దాటిన బండికి మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 చొప్పున ఆదాయం చూపిస్తే చాలు. రిటర్న్ వేసిన కాగితాలుంటే రేపు బండి మార్చేటప్పుడు ఫైనాన్స్ కూడా తక్కువ వడ్డీకి దొరుకుతుంది.

ప్రశ్న: దారిలో గేర్‌బాక్స్ పోయి బండి రెండు రోజులు ఆగింది. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం) టైమ్ అయిపోయింది. ఫైన్ పడితే బ్రోకర్ నన్నే కట్టమంటున్నాడు.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున టైమ్ ఉంటుంది. అయిపోయే ముందు ఎనిమిది గంటల్లోపు గానీ, అయిపోయాక ఎనిమిది గంటల్లోపు గానీ ట్రాన్స్‌పోర్టర్ కారణం రాసి పొడిగించొచ్చు. మీరు చేయాల్సింది బండి ఆగిన వెంటనే ఫోటో తీసి, ఎక్కడ ఆగిందో బ్రోకర్‌కు వాట్సాప్‌లో రాసి పంపడం. ఫోన్లో చెప్పాను అంటే సాక్ష్యం ఉండదు. మెసేజ్ పెట్టి ఉంటే పొడిగించకపోవడం ఆఫీసు తప్పు, మీది కాదు. వేరే బండిలోకి సరుకు మారిస్తే బండి నంబర్ కూడా బిల్లులో మార్పించాలి, మర్చిపోవద్దు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, ఒక ట్రక్ కొని కంపెనీకి లీజుకు పెట్టాలనుకుంటున్నాను. ఒక కంపెనీ మైలుకు 1.70 డాలర్లు, ఖాళీ మైళ్లకూ ఇస్తానంటోంది. ఇంకోటి లోడు డబ్బులో 72 శాతం, లోడు నేనే ఎంచుకోవచ్చంటోంది.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: అక్కడి రోడ్ల మీద నేను నడపలేదు, రూలు మాత్రం చదివాను, చదివినప్పుడు మనకూ ఇలాంటిది ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. ట్రూత్ ఇన్ లీజింగ్ అని అక్కడ ఫెడరల్ రూల్స్ ఉన్నాయి. శాతం మీద ఇచ్చే కంపెనీ, సరుకు పంపినవాడికి వేసిన అసలు బిల్లు కాపీ మీకు చూపించాలి. డెలివరీ కాగితాలు ఇచ్చాక 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఏమేం కోసుకుంటారో లీజు కాగితంలోనే రాయాలి. డిపాజిట్‌లా పట్టుకున్న డబ్బు లీజు అయిపోయిన 45 రోజుల్లో లెక్క చెప్పి తిరిగివ్వాలి. ఇక్కడ మన బ్రోకర్ మిల్లు దగ్గర ఎంత తీసుకున్నాడో మనకు జన్మలో తెలియదు.

లెక్క చూద్దాం. 800 మైళ్ల లోడుకు 2,400 డాలర్లు, దాన్ని ఎత్తడానికి ఖాళీగా 200 మైళ్లు వెళ్లాలి అనుకోండి. 72 శాతం అంటే 1,728. మైలు లెక్కయితే వెయ్యి మైళ్లకు 1,700. ఇంచుమించు సమానం. ఖాళీ మైళ్లు 200 కంటే తక్కువలో లోడు పట్టగలిగితే శాతం మంచిది, అలా పట్టడానికి రూట్లు, రేట్లు తెలిసి ఉండాలి. కొత్తవాళ్లు మీరు, మొదటి ఏడాది మైలు లెక్కలో నడిపి రోడ్డు నేర్చుకోండి అంటాను. ఫ్యూయల్ సర్‌ఛార్జ్ ఎవరికి పోతుంది, ట్రైలర్ అద్దె వారానికి ఎంత, ఇన్సూరెన్స్ ఎంత కోస్తారు, ఈ మూడూ రెండు కంపెనీల దగ్గరా రాయించుకుని పక్కపక్కన పెట్టండి. నేను వేసిన 28 డాలర్ల తేడా అక్కడే ఎటో పోతుంది.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా ఆయన బండి మీద ఉంటారు, లెక్కలు నేను చూస్తాను. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మూడు ట్రిప్పుల బ్యాలెన్స్ 38,000 మూడు నెలలుగా ఆగింది. ఒక ట్రిప్పుకు సరుకు ముట్టినట్టు స్టాంప్ వేసిన రిసీవ్డ్ కాపీ రాలేదంటారు, ఒకదానికి రెండు బస్తాలు తగ్గాయంటారు. ఫోన్ చేస్తే మగవాళ్లని మాట్లాడమంటారు. ఆయన దారిలో ఉన్నప్పుడు ఈ విషయం చెప్పి టెన్షన్ పెట్టడం ఇష్టం లేదు.
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: అమ్మా, మీరు లెక్కలు చూస్తున్నారంటే ఆ బండికి మీరూ ఓనరే. మగవాళ్లని మాట్లాడమంటే మాట్లాడేది ఏమీ లేదు, కాగితం పంపండి.

ముందుగా మూడు ట్రిప్పులు విడదీయండి. మూడో దానికి వాళ్లు ఏ కారణమూ చెప్పలేదు, ఆ డబ్బు ఈ వారమే ఇవ్వాలి, దాన్ని మిగతా రెండిటితో కలిపి ఆపే హక్కు వాళ్లకు లేదు. ఆ ఒక్క ట్రిప్పు గురించే ఎల్‌ఆర్ (లోడుకు రాసే లారీ రసీదు) నంబర్, తేదీ, కిరాయి, అడ్వాన్స్, రావాల్సింది రాసి వాట్సాప్‌లో, రిజిస్టర్డ్ పోస్టులో రెండిట్లో పంపండి. రిసీవ్డ్ కాపీ రాలేదన్న ట్రిప్పుకు, అన్‌లోడింగ్ చేసిన షాపు లేదా గోడౌన్ పేరు ఎల్‌ఆర్ మీదే ఉంటుంది. వాళ్ల రిజిస్టర్‌లో బండి నంబర్, తేదీ ఉంటాయి, మీ ఆయన మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు దాని ఫోటో, ఒక స్టాంప్ తెచ్చుకుంటే సరిపోతుంది. ఇకమీదట మాత్రం అన్‌లోడ్ అయిన చోటే, గేటు దాటకముందే, స్టాంప్ వేసిన ఎల్‌ఆర్ రెండు వైపులా ఫోటో తీసి మీకు పంపమనండి, అసలు కాపీ కొరియర్‌లో పోయినా మీ ఫోన్లో ఉంటుంది.

బస్తాలు తగ్గాయన్న దానికి, ఎక్కడ తగ్గాయో అడగండి. లోడింగ్‌లో లెక్కపెట్టి పట్టా కట్టి తాడు బిగించింది వాళ్ల హమాలీలే అయితే, అన్‌లోడింగ్‌లో తగ్గినట్టు ఆ రోజే ఎల్‌ఆర్ మీద రాసి ఉండాలి. రాయలేదంటే తర్వాత పుట్టిన మాట అది. రాసి ఉంటే రెండు బస్తాల ఇన్‌వాయిస్ ధర మాత్రమే కోసుకోవాలి, మొత్తం బ్యాలెన్స్ కాదు.

ఇంకో పని ఈ రోజే చేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అవుతుంది. చిన్న వ్యాపారులకు డబ్బు 45 రోజుల్లోపు ఇవ్వాలని చట్టం ఉంది, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్ తర్వాత నడిపిన ట్రిప్పులకు ఇది బలంగా నిలబడుతుంది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఈ మూడు పాత ట్రిప్పులకు మాత్రం మీ లారీ ఓనర్స్ అసోసియేషన్‌కే వెళ్లండి. ఆఫీసు పేరు, ఎల్‌ఆర్ కాపీలు, మీరు పంపిన మెసేజీలు ఫైల్ చేసి పట్టుకెళ్లండి. బయట బండ్లన్నీ ఆ ఆఫీసుకు లోడు ఎత్తడం ఆపుతాయన్న భయం లాయర్ నోటీసు కంటే తొందరగా పని చేస్తుంది, నేను చూశాను.

మీ ఆయనకు చెప్పండి కూడా. మీరు చెప్పకపోతే, రేపు ఖాళీ బండితో ఆ ఊళ్లో ఉన్నప్పుడు అదే ఆఫీసు ఫోన్ చేసి నాలుగో లోడు ఇస్తుంది, ఆయన ఎత్తేస్తారు.